ఘాటు రాని మిరపకాయలు

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మకి,

నీ కూతురు నాగూర్‌బీ సలాములు చేసి, నీ పాదాలు కళ్ళకద్దుకుని రాసేది. అన్నకీ వదినకీ సలాములు, పిల్లకాయలకి ముద్దులు. అల్లా దయవల్ల నేనిక్కడ గుండ్రాయిలా ఉన్నాను. నీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? వేణ్ణీళ్ళ కాపడం పెట్టించుకుంటున్నావా, లేకపోతే ‘ఎవరికమ్మా తీరిక’ అని సణుక్కుంటూ తిరుగుతున్నావా? మన నల్లమేక ఈనిందా? మార్టూరు వైపు వాన బాగా కురిసిందని బజార్లో ఎవరో అంటుంటే విన్నాను, నిజమో అబద్ధమో రాయించు.

అన్నా, ఈ ఉత్తరం అమ్మకి చదివేది నువ్వే కాబట్టి నీకో మాట. ఉన్నది ఉన్నట్టు చదువు. పోయినసారి నేను కాస్త జలుబు చేసిందని రాస్తే, నువ్వు జ్వరంతో మంచం పట్టిందని చదివావట. అమ్మ అన్నం మానేసి కూర్చుందట. వదిన కబురు చేయించకపోతే నాకు తెలిసేదే కాదు. ఈసారి నీ సొంత కవిత్వం కలిపావంటే పీర్ల పండక్కి వచ్చినప్పుడు నీ పని చెబుతాను.

అమ్మా, కార్డు ముక్క చాలదని కవరు కొన్నాను. చెప్పాల్సింది అంత ఉంది. ముందే చెప్పేస్తున్నా, గెలిచాం! నీ కూతురు గెలిచింది, నీ కూతురి పిల్లలు గెలిచారు! ఎలా గెలిచామో చెబుతా, కూర్చుని విను. మధ్యలో మేకకి మేత వేసొస్తానని లేచిపోకు.

నేను చేసే పని గురించి ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా రాశానే గానీ వివరంగా ఎప్పుడూ రాయలేదు. ఇది అమ్మానాన్నా లేని ఆడపిల్లల్ని చేరదీసి అన్నం పెట్టే శరణాలయం. పదిహేను మంది ఉన్నారు. కలరాలో అమ్మానాన్నలు పోయినవాళ్ళు, రైల్వే స్టేషన్లో దొరికినవాళ్ళు, మేం సాకలేం బాబోయ్ అని చుట్టాలే తెచ్చి దింపిపోయినవాళ్ళు. వాళ్ళకి వార్డెనూ నేనే, పంతులమ్మా నేనే, పేలు చూసేదీ నేనే, రాత్రి కలవరిస్తే లేచి మంచినీళ్ళిచ్చేదీ నేనే. వంటకి మాత్రం రత్తమ్మత్త అని ఒకావిడ ఉంది. చెయ్యి మంచిది, నోరు మాత్రం మహా పెద్దది. ఆవిడ గోంగూర పప్పు చేస్తే పక్కింటి వాళ్ళు కూడా గిన్నె పట్టుకుని వస్తారు. తిండికి నాకేం లోటు లేదు, నువ్వు దిగులుపడకు. నీ చేతి జొన్నరొట్టె ఒక్కటే దొరకదు.

ఈ ఊళ్ళో ఇళ్ళు దొరకడం గగనమైపోయింది. హైకోర్టు ఇక్కడికి వచ్చాక ఎక్కడెక్కడి ప్లీడర్లూ దిగారు. గొడ్ల సావిడి కూడా సున్నం వేసి అద్దెకిస్తున్నారు. అందుకని మా కమిటీ ప్రెసిడెంటు గారు తన పాత మిరపకాయల కొట్టు మాకిచ్చారు. ఆయన పెద్ద మిరపకాయల వ్యాపారి. గోడలకి సున్నమైతే వేయించారు గానీ, ఏళ్ళ తరబడి పట్టిన ఘాటు సున్నానికి పోతుందా? ఎండ ముదిరిందంటే చాలు, ఒకరు తుమ్మితే పదిహేను మందీ తుమ్ముతారు. కొత్తలో నేను పాఠం చెప్పడం సగం, తుమ్మడం సగం.

కొత్తలో నిద్ర కూడా పట్టేది కాదమ్మా. నాన్న పోయాక నువ్వు దూదేకే విల్లు చేతబట్టావు చూడు, ఆ తీగ మోగే చప్పుడు వింటూ నిద్రపోయినదాన్ని. ఇక్కడ మిల్లు కూతలూ బళ్ళ చప్పుళ్ళూ. పడుకుని గోడ వైపు తిరిగి ఏడ్చేదాన్ని. ఒకరోజు చూద్దును కదా, నా పక్కన పడుకున్న పిల్ల కూడా గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. ఆ రోజు నుంచి నేను ఏడవడం మానేశాను. ఇద్దరం ఏడిస్తే ఓదార్చేదెవరు?

ఆ పిల్ల పేరు కోటమ్మ. ఈ ఉత్తరమంతా దాని గురించే అనుకో. పదకొండేళ్ళుంటాయి. కలరా వచ్చినప్పుడు వారం తిరక్కుండా అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. తెచ్చి దింపినాయన ఊరిపేరు కూడా సరిగ్గా చెప్పకుండా జారుకున్నాడు. వచ్చినప్పటి నుంచీ తల ఎత్తేది కాదు. ఎవరైనా గుమ్మంలోకి వస్తే స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడేది. ‘ఎందుకే దాక్కుంటావు?’ అంటే, ‘నన్నెవరు చూస్తారులే అక్కా’ అనేది. కానీ లెక్కలు చెప్పానంటే! నేను పలక మీద రాసేలోపు జవాబు చెప్పేస్తుంది. అదీ తల వంచుకునే.

మా దగ్గర ఐదో తరగతి దాకా నేనే చెబుతాను. ఆ పైన చదవాలంటే హైస్కూల్లో ఫస్టు ఫారంలో చేరాలి. దానికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇన్నేళ్ళలో ఈ శరణాలయం నుంచి ఒక్క పిల్ల కూడా ఆ పరీక్ష రాయలేదంటే నమ్ముతావా? ఐదో తరగతి కాగానే ప్రెసిడెంటు గారి కొట్లో తొడిమలు తీసే పనికి వెళ్ళిపోవడమే. పెద్దపిల్లలందరూ అలా వెళ్ళినవాళ్ళే. ఆ పని ఎలాంటిదో నీకు నేను చెప్పాలా? పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా ఒంచిన నడుం ఎత్తకూడదు. వేళ్ళు మంట. పొరపాటున ఆ చేత్తో కన్ను నులుముకుంటే ఇక అంతే.

ఈ ఏడు ఐదో తరగతి అయిపోయినవాళ్ళు నలుగురు. కోటమ్మ, మరియమ్మ, సైదాబీ, అనసూయ. వేసవి మొదట్లో ప్రెసిడెంటు గారు వచ్చి కుర్చీలో కూర్చుని, ‘ఏమ్మా పంతులమ్మా, ఈ నలుగురికీ సంతకం పెట్టడం వచ్చిందిగా, చాలు. ఎండలు తగ్గగానే మా కొట్టుకి పంపించు’ అన్నారు.

‘హైస్కూలుకి పంపిద్దామండీ’ అన్నాను.

‘హైస్కూలా! అమ్మా అయ్యా దగ్గరుండి చదివించే పిల్లలే ఆ పరీక్ష తప్పుతున్నారు. వీళ్ళ వెనక ఎవరున్నారని?’

నాకు ఒళ్ళు మండిపోయింది. ‘నేనున్నానండీ’ అన్నాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు చూశాక ఇంక నా నోరు నా మాట వినలేదు. ‘పరీక్ష రాయించండి. నలుగురూ పాసైతే నలుగురినీ హైస్కూల్లో చేర్పించాలి, బడి జీతమూ పుస్తకాల ఖర్చూ మీవే. ఒక్కరు తప్పినా సరే, వాళ్ళతోపాటు నేనూ వచ్చి మీ కొట్లో తొడిమలు తీస్తాను’ అన్నాను.

‘ఒక్కరు తప్పినా?’

‘ఒక్కరు తప్పినా!’

రత్తమ్మత్త వంటింట్లోంచి నెత్తి బాదుకుంది. అన్నా, ‘నోటిదురుసు తగ్గించుకోవే’ అని నువ్వు ఇప్పుడు అంటున్నావని నాకు తెలుసు. అమ్మా, వాడి మాట వినకు. ప్రెసిడెంటు గారు చెడ్డమనిషని కూడా అనుకోకు. ఈ పిల్లలు తినే బియ్యం ఆయన పెట్టినవే. కాకపోతే అమ్మానాన్నా లేని పిల్లకి అన్నం పెడితే చాలు, చదువెందుకు అనుకునే మనిషి. నాన్న పోయినప్పుడు మన చుట్టాలూ అదే అనలేదూ? నువ్వు వినిపించుకోలేదు. ఒక చేత్తో దూది ఏకుతూ రెండో చేత్తో నన్ను బడికి తోశావు. నాకు నువ్వున్నావు. వీళ్ళకి ఎవరో ఒకరు ఉండాలా వద్దా?

ఆ ఎండల్లో మేం చదివిన చదువు అంతా ఇంతా కాదు. రోహిణి కార్తెలో ఊరంతా తలుపులేసుకుని పడుకుంటే మేం తడిబట్టలు నెత్తిన వేసుకుని లెక్కలు చేశాం. మరియమ్మకి భిన్నాలంటే వణుకు. రత్తమ్మత్త రొట్టెని ముక్కలు చేసి చూపిస్తే గానీ ఎక్కలేదు, ఎక్కిన తర్వాత ఆ ముక్కలు తనే తినేసింది. సైదాబీ తెలుగు పద్యాలు గడగడా చెప్పేస్తుంది గానీ రాయమంటే ఒత్తులన్నీ మింగేస్తుంది. అనసూయ మధ్యాహ్నమైతే కూర్చున్న చోటే నిద్రపోతుంది. కోటమ్మ నేను చెప్పిందంతా నేర్చుకుని, ఆ ముగ్గురికీ మళ్ళీ చెప్పేది, గుసగుసగా.

ఇప్పుడు అసలు సంగతి. మా పక్కిల్లు ఒక ప్లీడరు గారిది. వాళ్ళబ్బాయి కూడా ఇదే పరీక్షకి వెళ్తున్నాడు. పరీక్ష ముందురోజు సాయంత్రం వాళ్ళమ్మ ఆ పిల్లాణ్ణి అరుగు మీద నిలబెట్టి, ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని చుట్టూ తిప్పి దిష్టి తీసింది. మా పిల్లలు నలుగురూ గోడమీంచి తలలు పెట్టి చూశారు. కిందికి దిగాక కోటమ్మ నా దగ్గరికొచ్చి, ‘అక్కా, పరీక్షకెళ్ళేవాళ్ళకి దిష్టి తీస్తారా?’ అంది.

‘తీస్తారే. మా అమ్మ నాకు తీసేది.’

‘మాకెవరు తీస్తారు?’

రత్తమ్మత్త కూర తరుగుతూ, ‘మీకు దిష్టి ఎవరు పెడతారే పిచ్చిదానా! దిష్టి తగలాలంటే ముందు ఎవరైనా చూడాలిగా’ అని నవ్వింది. ఆవిడ పాపం సరదాకే అంది. కోటమ్మ స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడింది. నేను రత్తమ్మత్త మీద ఇంతెత్తున లేచాను. ‘రేపు పొద్దున నలుగురికీ దిష్టి తీయాల్సిందే, నువ్వే తీయాలి’ అని పట్టుబట్టాను.

అక్కడ వచ్చింది తంటా. నువ్వెప్పుడూ వాకిట్లోనే తీసేదానివి కదమ్మా. పొయ్యి కూడా వాకిట్లోనే ఉండేది. ఇక్కడ ఆ పొద్దున పడమటి గాలి ఒకటే రొద. బయట నిప్పు నిలవడం లేదు. సరే, లోపలే చేద్దామని బాండీలో బొగ్గులు రాజేసి, గాలి రాకుండా తలుపులూ కిటికీలూ బిగించేశాం. మనిషికి నాలుగైదు కాయలు చాలు గదా. రత్తమ్మత్త ఆవేశం చూడు, నేను తిట్టానన్న కసికో ఏమో, మనిషికో దోసెడు తెచ్చింది. అవి కూడా ఎలాంటివి, మేముండే ఈ పాత కొట్టు మూల ఎప్పటినుంచో పడున్న చిన్నకాయలు. పట్టుకుంటేనే చెయ్యి మండుతుంది.

నలుగురినీ వరసగా నిలబెట్టి తిప్పింది. కాకిది, గద్దది, పొరుగుదానిది అంటూ ఊళ్ళో వాళ్ళందర్నీ తిట్టి, నాలుగు దోసెళ్ళూ ఒక్కసారే నిప్పుల్లో పోసింది.

ఇక చూడు! గోడల్లో ఉన్న ఘాటు కూడా నిద్రలేచి వచ్చి కలిసినట్టయింది. ఎవరికి ఎవరూ కనపడలేదు. దగ్గు, తుమ్ములు, ఏడుపులు. తలుపు గడియ ఎక్కడుందో చేతికి దొరకదు. నేను బాండీని కొంగుతో పట్టుకుని, తలుపు కాలితో తన్ని బయటికి విసిరేశాను. సగం మాడిన కాయలు చిట్లి ఆ పొడంతా నా కొంగుకే అంటుకుంది. అంత గొడవలోనూ రత్తమ్మత్త దగ్గుతూ దగ్గుతూ, ‘చూశావా! ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టే. దిష్టి తగిలుంటే ఘాటే రాదు. నేను నిన్ననే చెప్పలా?’ అంటుంది.

కోటమ్మ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, ధారగా నీళ్ళు కారుతున్నాయి. ఆ కళ్ళతోనే నన్ను చూసి, ‘అయితే మమ్మల్నెవరూ చూడనే లేదా అక్కా?’ అంది. మొహాలు కడిగించి, తలలు దువ్వి, హైస్కూలుకి లాక్కుపోయాను.

గేటు దగ్గర హెడ్‌మాస్టరు గారే నిలబడున్నారు. కోటు, తలపాగా, చేతిలో బెత్తం. మా పిల్లల్ని చూడగానే రెండడుగులు వెనక్కి వేసి, ‘ఆగండాగండి! ఆ కళ్ళేంటి? కళ్ళకలక! నలుగురికీ కలకే! ఇంతమంది పిల్లలకి అంటించడానికి తెచ్చావా ఏమ్మా?’ అన్నారు.

‘కలక కాదండీ, మిరపకాయల పొగండీ’ అన్నాను.

‘పరీక్ష రోజు పొద్దున్నే మిరపకాయల పొగేంటి? నన్ను నమ్మమంటావా?’

చదువు చెప్పే పంతులమ్మని, దిష్టి తీశామండీ అని చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పాను. బతిమాలాను. చేతులు జోడించాను. ఆయన వినలేదు. ‘కళ్ళు తగ్గాక వచ్చే ఏడు తీసుకురా’ అని గేటు మూయమన్నారు. లోపల ప్లీడరు గారబ్బాయి మా వైపు చూసి పక్కవాడి చెవిలో ఏదో చెబుతున్నాడు. అనసూయ వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. వచ్చే ఏడు! వచ్చే ఏడు దాకా ఈ పిల్లల్ని ఎవరుంచుతారు? ఎల్లుండి పొద్దున్నే కొట్లో కూర్చోబెడతారు. కోటమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా, ‘పోదాం పద అక్కా. తొడిమలు తీయడం నాకొచ్చు’ అంది.

ఆ మాటతో నాకు తిక్క రేగింది. ఏం చేస్తున్నానో కూడా తెలియలేదు. గేటు సందులోంచి లోపలికి దూరి, హెడ్‌మాస్టరు గారి ఎదురుగా నిలబడి, నా పైటకొంగు ఆయన మొహం ముందు ఒక్క దులుపు దులిపాను.

ఆయన ‘ఏంటమ్మా ఈ...’ అన్నారు. అంతే. తుమ్ము. ఆ తుమ్ముకి తలపాగా పక్కకి జరిగింది. రెండోది, మూడోది. గేటు దగ్గరున్న బంట్రోతు అందుకున్నాడు. పక్కనున్న లెక్కల మాస్టారు అందుకున్నారు. ఆయన రుమాలు తీసి కళ్ళు తుడుచుకుంటే ఇంకా మండాయి. కళ్ళు ఎర్రగా, నీళ్ళు బొటబొటా.

‘అయ్యయ్యో, మీకూ కలకొచ్చిందండీ! మీరు కూడా వచ్చే ఏడు రావాలేమో!’ అన్నాను.

అయిపోయింది, ఇంక ఈ జన్మలో ఈ గేటు తెరవరు అనుకున్నాను. ఆయన రుమాలు కిందికి దించి నన్నూ పిల్లల్నీ మార్చి మార్చి చూశారు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలైంది. తుమ్ముతున్నారేమో అనుకున్నా. కాదు, నవ్వుతున్నారు! ‘ఇంత ఘాటా! ఈ పొగ పీల్చి కూడా పరీక్షకొచ్చారా మీరు? ఒరేయ్, బావి నీళ్ళు తోడి తీసుకురా, వీళ్ళ కళ్ళు కడగాలి. నా కళ్ళు కూడా!’ అని బంట్రోతుని కేకేశారు.

అయినా ఆయన మాట ఆయనదే. మిగతా పిల్లల తల్లిదండ్రులు గొడవ చేస్తారని మా నలుగురినీ విడిగా వరండాలో కూర్చోబెట్టారు. పక్కన నీళ్ళ బకెట్టు. ఓ పక్క రాయడం, ఓ పక్క కళ్ళు కడుక్కోవడం. నేను గేటు బయట ఎండలో నిలబడి చూస్తున్నాను. కోటమ్మ ఒక కన్ను పావడా అంచుతో మూసుకుని, ఒక్క కంటితోనే రాసింది. తల ఎత్తలేదు. ఎత్తకపోవడం మంచిదని మొదటిసారి అనిపించింది నాకు.

తరవాత ఫలితాల దాకా నాకు అన్నం సహించలేదు. ప్రెసిడెంటు గారి గుమాస్తా వచ్చి ఎగతాళికి, ‘కొట్లో మీకు కూర్చోడానికి పీట వేయించమన్నారా, చాప చాలా?’ అని అడిగిపోయాడు. రత్తమ్మత్త తనవల్లే ఇదంతా అయిందని, పాపం, మౌనవ్రతం పట్టింది. ఆవిడ మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులాగే లేదు.

ఫలితాలు చెప్పే రోజు పొద్దున వాన పడింది, ఈ ఏటికి మొదటి వాన. హైస్కూలు మెట్ల దగ్గర జనం, గొడుగులు. హెడ్‌మాస్టరు గారు వరండాలోకి వచ్చి, ముందు మొదటి మార్కు పేరు చదువుతానన్నారు. ప్లీడరు గారి భార్య కొడుకుని ముందుకి తోసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ‘కోటమ్మ’ అన్నారు.

ఇంటిపేరు లేదు, తండ్రిపేరు లేదు. ఒక్క కోటమ్మ. జనమంతా ఎవరు ఎవరు అని అటూ ఇటూ చూస్తున్నారు. అది నా వెనక దాక్కుని ఉంది. నేను దాని రెండు జబ్బలూ పట్టుకుని ముందుకి లాగి, ‘ఇదిగోండి! ఇదేనండీ కోటమ్మ! మా కోటమ్మ!’ అని అరిచాను. అమ్మా, మన ఊళ్ళో సంతనాడు నువ్వు పరుపులమ్మేటప్పుడు అరుస్తావు చూడు, అంతకంటే గట్టిగా అరిచాను. తరవాత మిగతా పేర్లు. సైదాబీ వచ్చింది. అనసూయ వచ్చింది. మరియమ్మ పేరు ఎంతకీ రాదు. అట్టడుగున, చిట్టచివర, ‘మరియమ్మ’ అన్నారు. నేను ఆ బురదలోనే కూలబడి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అన్నా, అక్కడ సరిగ్గా చదువు.

ప్రెసిడెంటు గారు మాట నిలబెట్టుకున్నారు. స్వయంగా వచ్చి, ‘పంతులమ్మా, నీకు పీట వేసే ఖర్చు తప్పింది నాకు’ అని నవ్వి, నలుగురికీ పావడాలూ జాకెట్లూ కుట్టించమని చీరాల నుంచి గుడ్డ తెప్పించారు. పుస్తకాలు వచ్చాయి. అంతటితో ఆగలేదు. మిరపకాయల బజారంతా ‘మా పిల్లలు, మా పిల్లలు’ అని చెప్పుకుంటూ తిరుగుతున్నారట! తిరగనీ. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, ‘వచ్చే ఏడు పరీక్షకి ఎంతమంది ఉన్నారు?’ అని అడిగారు. నాకు ఆ ఒక్క మాట చాలు.

మొన్న సోమవారం బడి తెరిచారు. నలుగురూ నీలం పావడాలు కట్టుకుని, నూనె రాసి బిగించి జడలేసుకుని, పుస్తకాలు గుండెకి హత్తుకుని బజారు మధ్యలోంచి నడిచారు. నేను వెనకాల. నేను ముందే అనుకున్నాను, పక్క సందులోంచి పోకూడదని. కొట్ల ముందు బస్తాల మీద కూర్చున్న వాళ్ళు లేచి చూశారు. తొడిమలు తీసే ఆడవాళ్ళు పని ఆపి, చేతులు గాల్లోనే పెట్టుకుని చూశారు. వాళ్ళలో మా శరణాలయంలో పెరిగిన పెద్దపిల్ల ఒకతి, ‘నాగూరక్కా, మన పిల్లలేనా!’ అని కేకేసింది. ప్లీడరు గారి భార్య అరుగు మీంచి కొడుకుతో, ‘చూడరా ఆ పిల్లని, నీకంటే ముందొచ్చింది. ఎంత చక్కగా ఉందో!’ అంటోంది. కోటమ్మ విన్నది. తల ఎత్తిందమ్మా. ఎత్తిన తల మళ్ళీ దించకుండా హైస్కూలు దాకా నడిచింది.

సాయంత్రం తిరిగొచ్చి, గడపలోకి రాకుండా వాకిట్లోనే నిలబడిపోయింది. ‘లోపలికి రావే’ అంటే రాదు. ‘అక్కా, ఇవాళ మమ్మల్ని ఊరంతా చూసింది. దిష్టి తీయరూ?’

రత్తమ్మత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈసారి బుద్ధిగా, వాకిట్లోనే, ఆకాశం కింద నిప్పులు రాజేశాం. అవే చిన్నకాయలు, అదే మూలవి. రత్తమ్మత్త భయపడుతూ నాలుగైదే తెచ్చింది. తిప్పి, నిప్పుల్లో వేసి, మేమంతా ముక్కులు మూసుకుని వెనక్కి జరిగాం.

కాయలు నల్లబడ్డాయి. చిటపటలాడాయి. ఘాటు రాలేదు.

రత్తమ్మత్త ముక్కు మీంచి కొంగు తీసింది. దగ్గరికెళ్ళి వాసన చూసింది. ఇంకో గుప్పెడు తెచ్చి వేసింది. ఊహూ! మనిషి అలా నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు, ఈసారి పొగవల్ల కాదు. ‘నాగూరమ్మా, ఘాటు రావట్లేదే!’ అంది. వాన తర్వాతి గాలికి కొట్టుకుపోయిందేమోలే అని నా నోటిదాకా వచ్చింది. అనలేదు. అంటానా!

కోటమ్మ నిప్పుల మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. తుమ్ము రాలేదు. అంతే, ఎగిరి గంతేసింది. ‘దిష్టి తగిలింది! మాకు దిష్టి తగిలింది!’ అని నలుగురూ చేతులు పట్టుకుని వాకిలంతా తిరిగారు. లోపలున్న చిన్నపిల్లలు కూడా వచ్చి, మాకూ తీయండని వరసలో నిలబడ్డారు. అమ్మా, కన్నెత్తి చూసే దిక్కులేని పిల్లలకి ఊరి దిష్టి తగిలింది! అంతకంటే ఇంకేం కావాలి నాకు?

సంబంధం సంగతి రాయించావు. ఆ కబురు మళ్ళీ ఎత్తకు. నాకిప్పుడు పదిహేను మంది ఆడపిల్లల పెంపకం ఉంది, ఊపిరాడటం లేదు. పీర్ల పండక్కి తప్పకుండా వస్తాను. అన్నా, నీకో పని. ఈ పిల్లలు మడిచిన గోనెసంచుల మీద తల పెట్టుకుని పడుకుంటున్నారు. పొద్దున లేస్తే బుగ్గల మీద గోనె అచ్చులు. హైస్కూలుకి వెళ్ళే పిల్లలు అలా వెళ్తే బాగుండదు. మంచి దూది ఏకి నాలుగు దిండ్లు కుట్టి పంపు. మిగతావి నెమ్మదిగా పంపుదువు. వదినని గలేబుల మీద ఏదైనా పువ్వు కుట్టమను.

ఇంటి పెద్దలందరికీ నా సలాములు. నాకు పాఠం చెప్పిన మన ఊరి మాస్టారికి ఈ కబురు నువ్వే స్వయంగా వెళ్ళి చెప్పాలి, మర్చిపోకు. అమ్మా, నీ దువా ఎప్పుడూ నా నెత్తిమీద ఉండాలి. ఈ పిల్లల నెత్తిమీద కూడా. కింద కొంచెం చోటు కోటమ్మకి వదిలాను. తనూ రాస్తానని ఇందాకటి నుంచీ కలం లాక్కుంటోంది.

నీ బిడ్డ,
నాగూర్‌బీ

అమ్మమ్మగారికి కోటమ్మ నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నాకు ఊరందరి దిష్టి తగిలింది. అక్కకి దిష్టి తీయడం సరిగ్గా రాదు, కళ్ళు మండిస్తుంది. మీకు బాగా వచ్చని అక్క చెప్పింది. అందుకని మీరే రండి. వచ్చి ఇక్కడే ఉండండి. మేం బడికి రోజూ వెళ్తాం కాబట్టి మాకు దిష్టి రోజూ తగులుతుంది.